ఈ పళ్ళెం ఎవులికి?

నేను తిండికి ఫోటోలు తీస్తాను. హోటళ్ళ వెబ్‌సైట్లలో మీరు చూసి లొట్టలు వేసే బొమ్మలు కొన్ని నావే. ఈ మాట చెబితే మా ఖరగ్‌పూర్‌లో ఎవరైనా ముందు నవ్వుతారు, ఆ తరువాత "అయితే నీకు రోజూ విందే" అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. పెళ్ళి ఫోటోలు తీసేవాణ్ణి పట్టుకుని రోజూ పెళ్ళేనా అని ఎవరూ అడగరు కదా.

విందూ లేదు, పాడూ లేదు. కలకత్తాలో ఒక పబ్బు వాళ్ళకి తీసినప్పుడు బీరు గ్లాసు మీద చెమట బొట్లు గ్లిజరిన్‌తో పెట్టాను. బిర్యానీ మీద మెరుపు కుంచెతో రాసిన నూనె. పొగలు కక్కే అన్నం వెనకాల వేడినీళ్ళలో ముంచిన దూది ఉంటుంది, ఆ పొగ దూదిది. అప్పడం నిలబడాలంటే వెనక పంటిపుల్ల ఉండాలి. మా పనిలో ఇవి మోసాలు కావు, పనితనం. ఎనిమిదేళ్ళుగా ఈ పనితనం మీదే బతికాను, గర్వంగానే బతికాను. ఆ ఎనిమిదేళ్ళలో ఎప్పుడో, ఏ రోజో చెప్పలేను, నాకు ఆకలి వెయ్యడం మానేసింది. టీ తాగేదాన్ని, రెండు బిస్కట్లు కొరికేదాన్ని, ఇంట్లో ముందు పెట్టింది మింగేదాన్ని. అన్నం చూస్తే తెలుపు మరీ ఎక్కువైందే, వెలుతురు తగ్గించాలే అనిపించేది. ఇది ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవలసినంత జబ్బులా తోచలేదు.

మా నాన్న ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో పనిచేశారు. న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో పుట్టి పెరిగాను, పెళ్ళయ్యాక ఊళ్ళోనే తాల్‌బగీచా వీధులకి మారాను. అందుకే ఆ గురువారం ఫోను చేసిన అమ్మాయి "న్యూ సెటిల్‌మెంట్‌లో అప్ప మెస్సు తెలుసా అక్కా?" అని అడిగితే నవ్వొచ్చింది. అప్ప మెస్సు తెలియని తెలుగువాడంటే ఈ ఊళ్ళో రైలు దిగి ఇంకా గంట కానివాడై ఉండాలి. అప్ప అంటే మా శ్రీకాకుళం వైపు వాళ్ళకి అక్క. ఆవిడ భర్త వర్క్‌షాపులో కమ్మరం పని చేసేవాడు. ఆయన పోయాక ఆవిడ క్యారియర్లు కట్టడం మొదలుపెట్టింది, తరువాత నాలుగు బల్లలు వేసింది. ఇప్పుడు ఊళ్ళో సగం మందికి ఆవిడ అప్పే. బెంగాలీ వాళ్ళు కూడా దీదీ అనడం మానేసి అప్పా అనే పిలుస్తారు.

ఫోను చేసింది అప్ప కోడలు. ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదట. ఆ ఉద్యోగం మానేసి హిజ్లీలో, పెద్ద కాలేజీ గేటుకి దగ్గర్లో, సొంతంగా ఒక భోజన హోటలు తెరుస్తోంది. బల్లలు వచ్చాయి, పొయ్యిలు వచ్చాయి, వెబ్‌సైటు కూడా తయారైంది. అందులో ఫోటోలు మాత్రం లేవు.

"సోమవారం సెలవులైపోయి పిల్లలు దిగుతారక్కా. మొదటి వారంలో ఎక్కడ తినడం మొదలెడితే ఏడాదంతా అక్కడే తింటారు. ఫోనులో బొమ్మ చూసే వస్తారు. ఈ వారం తప్పిందంటే నేను మళ్ళీ ఆ బడికెళ్ళి తలొంచుకుని నిలబడాలి" అంది.

"మరి నీ హోటల్లోనే తీద్దాం. పాత మెస్సులో ఎందుకు?"

ఆ అమ్మాయి చిన్నగా, "కూరలు మా అత్త నేర్పిందక్కా, వచ్చు. కానీ నేను పెట్టిన పళ్ళెం మా అత్త పెట్టినట్టు ఉండదు. ఎందుకో తెలీదు. అత్త చేతి పళ్ళెం ఒక్కటి ఫోటో తీసిస్తే దాన్నే చూసుకుంటూ అలాగే పెడతాను" అంది.

శనివారం పొద్దున్న పది గంటలకి సామానుతో దిగాను. కెమెరా, స్టాండు, లాప్‌టాప్, వెలుతురు మళ్ళించడానికి ఒక తెల్ల థర్మోకోల్ షీటు, నా పనితనం ఉన్న చిన్న డబ్బా. మెస్సంటే పొడవాటి గది. ఒక పక్క బల్లలు, బెంచీలు. మరో పక్క, మధ్యలో గోడ లేకుండా, వంటగట్టు. అప్ప అక్కడ నిలబడితే తలుపులోంచి వచ్చే ప్రతివాడూ కనిపిస్తాడు. ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉంది, వెలుతురు పాలలా వస్తోంది. సంతోషించాను. అప్ప పొట్టిగా, గట్టిగా ఉంది. ముక్కుపుడక, మోచేతి దాకా మడిచిన జాకెట్టు చేతులు. నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, మళ్ళీ తపేలా వైపు తిరిగింది.

"అప్పా, ఒక్క మీల్స్ పళ్ళెం పెట్టండి. అన్నీ ఉండాలి" అన్నాను.

"ఎవులికి?"

"ఎవరికీ కాదు. ఫోటోకి."

"ఫోటో తింటాదేటి?"

"తినదప్పా. ఊరికే పెట్టండి, నేను చూసుకుంటాను."

ఆవిడ గరిటె పట్టుకుని ఖాళీ బెంచీల వైపు చూసింది. అన్నం తీసి మళ్ళీ కొంచెం తపేలాలో వేసింది. పప్పు పోసి ఆగింది. ఎంత పొయ్యాలో తెలియని మనిషిలా కోడలి వైపు చూసింది. ఆ తరువాత పళ్ళెం నా ముందు పెట్టింది. చూసి నీరుగారిపోయాను. అన్నం గడ్డలా ఒక మూల కూర్చుంది. పప్పు పారి వంకాయ కూరలో కలిసింది. గోంగూర అంచు మీద చెదిరింది. ఇంత పేరున్న మనిషి పెట్టే పళ్ళెం ఇదా అనుకున్నాను. మనసులో ఇంకా చాలా అన్నాను, ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది.

పోనీలే, మన డబ్బా ఉందిగా. అన్నం తీసి గిన్నెలో ఒత్తి బోర్లించాను. వంకాయలకి నూనె రాశాను. అప్పడం వెనక పంటిపుల్ల గుచ్చాను. అన్నం వెనకాల వేడి దూది దాచాను. అరగంట పట్టింది. పళ్ళెం పెళ్ళికూతురిలా తయారైంది. కోడలి ముఖం విప్పారింది. అప్ప మాత్రం పొయ్యి దగ్గరి నుంచి కదల్లేదు. లాప్‌టాప్‌లో రంగు సరిచూద్దామని అటు తిరిగాను.

ఆ మెస్సులో ఒక పద్ధతి ఉంది. నేను అక్కడ పెరిగినదాన్నే, నాకు తెలియాలి. బల్ల మీద పళ్ళెం పెట్టి ఉందంటే దాని ముందు ఎవరు కూర్చుంటే వాళ్ళది. డ్యూటీ దిగి వచ్చేవాళ్ళు అడగరు, ఆగరు, కూర్చుని తింటారు. నేను ఇటు తిరిగేసరికి ఒక తాత నా పళ్ళెం ముందు కూర్చుని ఉన్నాడు. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, రోజూ అందరికన్నా ముందు వస్తాడట. అన్నం చెదిపి ముద్ద కలపబోయాడు. వేళ్ళకి తడి దూది తగిలింది. పైకెత్తి వెలుతురులో చూశాడు.

"ఇదేటిదప్పా?" అన్నాడు. కోపం లేదు గొంతులో, ఆశ్చర్యమే. "దూదిలాగుంది. నాకు దెబ్బేటీ తగల్లేదు కదా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అప్ప వచ్చింది. దూది చూసింది, పంటిపుల్ల లాగింది, వంకాయ వాసన చూసింది. పళ్ళెం తీసుకుపోయి తనే తోమింది, ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. పొయ్యి ఆపేసింది.

"ఇన్నాళ్ళైనాది మెస్సు పెట్టి. తినడానికి పనికిరాని పళ్ళెం ఈ బల్ల మీద ఎప్పుడూ ఎట్టలేదు. ఫోటోలొద్దు, ఏటొద్దు. సామాను తీసీయమ్మా" అంది నాతో. గట్టిగా కూడా అనలేదు.

కోడలు "అత్తా, సోమవారం..." అంది.

"సోమారం వత్తాది, పోతాది."

ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు కోపం వచ్చింది. తప్పు నాదని తెలిసినప్పుడు నాకు కోపం రెండింతలు వస్తుంది. ఆ ముసలాయన మీద కోపం, ఆ పద్ధతి మీద కోపం, దూది మీద కోపం. స్టాండు కాళ్ళు టకటకా మడవడం మొదలుపెట్టాను.

అప్పుడే వర్క్‌షాపులో అన్నాల సైరను మోగింది. సైరను మోగితే ఈ ఊళ్ళో కుక్కలు కూడా ఇంటిముఖం పడతాయి. అప్పకి ఇక వేరే దారి లేదు, పొయ్యి వెలిగించింది. తలుపు దగ్గర ఒక మనిషి కనిపించాడు. ఇంజను డ్రైవరు, భుజాన సంచి, కళ్ళ కింద నలుపు. బెంచీని లాగలేదు, కాలితో కొంచెం నెట్టి దాని మీద వాలిపోయాడు. అప్ప అతన్ని చూసింది. తపేలా మీద మూత ఎత్తేంతసేపు చూసింది, అంతే. చెయ్యి కదిలింది.

నేను స్టాండు మడవడం ఆపేశాను.

అదే అన్నం, అదే గరిటె, గంట క్రితం తడబడిన అదే చెయ్యి. ఇప్పుడు చెయ్యి ఎక్కడా ఆగలేదు. అన్నం సగమే వేసింది, గుండ్రంగా, పళ్ళెం మధ్యలో. పప్పు అసలు వెయ్యలేదు. బీరకాయ కూర ఒక పక్కగా, నిమ్మకాయ ముక్క, పెద్ద గ్లాసుతో పల్చటి మజ్జిగ. పళ్ళెం అతని ముందు పెడుతూ, "తినీసి పడుకో. పప్పు రేపు తిందువులే" అంది. అతను తలకాయ ఊపి ముద్ద కలిపాడు. ఆ పళ్ళెం ఎంత అందంగా ఉందో చెప్పడం నాకు చాతకాదు. ఖాళీ ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది. ఎనిమిదేళ్ళుగా పళ్ళెంలో ఖాళీ ఎక్కడ వదలాలో నేర్చుకుంటున్నాను నేను.

తరువాత గేంగులో పనిచేసే అమ్మాయి వచ్చింది, పట్టాల మీద పని, ముఖమంతా ఎండ. ఆమె బెంచీని చర్రున లాగింది. అప్ప చూసింది. ఈసారి అన్నం కుప్ప, దాని పక్కన గోంగూర, రెండు ఎండు చేపలు, ఉల్లిపాయ చితక్కొట్టి, ఉప్పు విడిగా చిటికెడు. "సెమట పట్టినోళ్ళకి ఉప్పు కావాల" అని తనలో తనే అనుకుంది. ఆ పళ్ళెం చూస్తే ఎవరో వీధిలోంచి గట్టిగా పిలిచినట్టుంది. ఆ తరువాత ఆఫీసు గుమస్తా, బెంగాలీ దాదా. ఆయన పళ్ళెంలో కరివేపాకు ఒక్కటి లేదు, గరిటె అంచుతో వేరుచేసి తీసింది. పప్పు మీద చిటికెడు పంచదార వేసింది. మన పప్పులో పంచదారా అని నేను కళ్ళు పెద్దవి చేస్తే, "ఆళ్ళమ్మ అలాగే పెట్టుంటాది" అంది.

ఆవిడ ఎవర్నీ ఏం కావాలని అడగలేదు. ఎవరూ ఇది వద్దు, అది కావాలి అనలేదు. లోపలికి వచ్చేవాళ్ళ నడక, బెంచీ లాగే తీరు, చేతులు, ఆఖరున ముఖం, ఇదంతా కళ్ళతో ఒక్క గుక్కలో తాగేసినట్టు చూసేది. చూడటమే నా బతుకుతెరువు. అలా చూడగలిగిన మనిషిని నేను అంతవరకూ చూడలేదు. భయం లాంటిది వేసింది. గుడిలో తలుపులు తీసినప్పుడు చిన్నప్పుడు ఒక భయం వేసేది, అలాంటిది.

దగ్గరికి వెళ్ళాను. "అప్పా, తప్పు చేశాను. ఇంకేమీ రాయను, గుచ్చను, దాచను. పళ్ళెం బల్ల మీద పెట్టాక ఒక్కటి తీసుకోనా?"

"నన్నడుగుతావేటి? పెట్టీసినాక పళ్ళెం నాది కాదు. తినేవోళ్ళనడుగు." కొంచెం ఆగి, "అన్నం సల్లారిందా, నీ కెమెరా చారులో పడీస్తాను" అంది.

అడిగాను, ఒక్కొక్కరినీ. మనిషిని కాదు, పళ్ళేన్ని తీస్తానని చెప్పి. గేంగు అమ్మాయి సిగ్గుపడి చేతులు కొంగులో దాచుకుంది. నేను వద్దనగానే ఒక చెయ్యి పళ్ళెం అంచున పెట్టింది. దాదా "శుధు థాలా తో?" అని రెండుసార్లు అడిగి, పళ్ళెమే అని రూఢి చేసుకున్నాక చొక్కా సర్దుకున్నాడు. కిటికీ వెలుతురు ఒక పక్క నుంచే వస్తోంది, రెండో పక్క నీడ పడుతోంది. థర్మోకోల్ పట్టుకునేవాళ్ళు లేరు. వెనక్కి చూస్తే దూది తాత ఆ షీటు ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇలాగేనా పట్టుకోడం? షాపులో ఇన్‌స్పెక్షన్‌కి సాన లైట్లు పట్టినాను. నువ్వు తీసుకో పాపా."

"తాతా, మీరింకా తినలేదు కదా!"

"నాకు సివరాకర్న పెడతాదిలే. పళ్ళు నేవు కదా, నాది మెదిపి పెట్టాల."

రెండే రెండు క్షణాలు దొరికేవి ఒక్కో పళ్ళేనికి. దీపాలు లేవు, సర్దడాలు లేవు. పని మొదలుపెట్టిన కొత్తలో తీసినట్టు తీశాను. అన్నం మీంచి వచ్చే అసలు పొగ ఎటు పోతుందో ముందు చెప్పలేం, దాన్ని పట్టుకోవాలంటే ఊపిరి బిగబట్టాలి. ఆఖరున తాత పళ్ళెం. కూర గరిటె వెనక్కి తిప్పి మెదిపింది, అప్పడం అన్నం మీదే నలిపేసి చల్లింది. ఆ పొడి మీద కిటికీ వెలుతురు పడింది. నేను నిలబెట్టడానికి పంటిపుల్ల గుచ్చింది అలాంటి అప్పడానికే.

రద్దీ తగ్గాక లాప్‌టాప్ తెరిచాను. గొప్పగా చూపించాను కోడలికి. ఆ అమ్మాయి ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. ముఖం పాలిపోతూ వచ్చింది.

"బాగున్నాయక్కా. చాలా బాగున్నాయి. కానీ వీటిలో మీల్స్ ఏది?" అంది. "ఒకటి ఉన్నట్టు ఒకటి లేదు. నేను అడిగింది ఒక్క పళ్ళెం. దాన్ని చూసి పెట్టుకుందామనుకున్నాను. ఇందులో దేన్ని చూసి పెట్టను?" ఇక ఆపుకోలేక, "నాకిది రాదక్కా. ఉద్యోగం అనవసరంగా మానేశాను" అని ఏడ్చేసింది.

అప్ప చేతులు తుడుచుకుంటూ వచ్చి మా ఇద్దరి మధ్య నుంచి తెర మీదికి వంగింది. తన పళ్ళేలని తను బొమ్మల్లో చూడటం అదే మొదటిసారి. చాలాసేపు చూసింది. వేలు పెట్టి, "ఇది డ్రైవరుది. ఇది గేంగు గుంటది. ఇది దాదాది" అంటూ వరసగా చెప్పింది. ఒక్కటి తప్పలేదు.

"కూర అందరికీ ఒకటేనే" అంది కోడలితో. "పళ్ళెమే ఏరు. ఎవులికో తెలకుండా పెడితే ఎలాగుంటాదో పొద్దున్న నాదే సూసినావు కదేటి. నాకే సెయ్యి రాలేదు."

"నాకెలా తెలుస్తుంది అత్తా, ఎవరికేం కావాలో?"

"సూడు. అడక్కు, సూడు."

"తప్పు పెడితే?"

"పెడతావు. నేను పెట్టనేదేటి? మావయ్య పోయిన ఏడు అన్నీ తప్పులే పెట్టినాను. తిరిగొచ్చిన పళ్ళెం సూడాల. ఏటి ఒదిలీసినారో అదే సెప్తాది. అందుకే పళ్ళేలు నేనే తీత్తాను, ఇంకెవుల్నీ తియ్యనివ్వను." గట్టు మీద పేర్చిన ఎంగిలి పళ్ళేల వైపు చెయ్యి చూపింది. "బడిలో పరీచ్చ కాయితాలు దిద్దేదానివి కదా. ఇయ్యి నాయి."

కోడలు కళ్ళు తుడుచుకుని ఆ పళ్ళేల దగ్గరికి వెళ్ళింది. ఒక్కొక్కటీ ఎత్తి చూడటం మొదలుపెట్టింది.

అప్ప అప్పుడు నా వైపు తిరిగింది. నాకు తెలియకుండానే నేను ఒక బెంచీ మీద కూర్చున్నాను. ఎలా కూర్చున్నానో, బెంచీ ఎలా లాగానో నాకు గుర్తులేదు, ఆవిడకి తెలిసే ఉంటుంది.

"తిన్నావేటి నువ్వు?"

"తిన్నానప్పా."

ఆవిడ చూసింది. మూత ఎత్తేంతసేపు కాదు, ఇంకా ఎక్కువసేపు. ఆ రోజు అందర్లోకీ నన్నే ఎక్కువసేపు చూసింది.

"ఆకలి పోయి ఎన్నాళ్ళైనాది?" అంది.

నా మొగుడు అడగలేదు ఆ మాట. డాక్టరు అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. ఆవిడ జవాబు కోసం ఆగలేదు. వేరే చిన్న గిన్నెలో అన్నం తీసి, వేడినీళ్ళు చిలకరించి మెత్తగా చేసింది. నాలుగు మిరియాలు దంచి చారు మళ్ళీ కాచింది. పళ్ళెంలో ఆ అన్నం కొంచెం, చారు, చిటికెడు కరివేపాకు పొడి, చుక్క నెయ్యి. జ్వరం తగ్గిన పిల్లలకి మొదటి పూట పెట్టే పథ్యం. తెలుపు మీద గోధుమ రంగు, దాని మీద ఇంకా కొంచెం గోధుమ రంగు. ఫోటోకి ఎందుకూ పనికిరాని పళ్ళెం.

మొదటి ముద్దకి మిరియం ఘాటు ముక్కుకెక్కింది. రెండో ముద్దకి కళ్ళు నీళ్ళు పెట్టాయి, మిరియానికో దేనికో తెలియదు. మూడో ముద్ద తరువాత కడుపులో ఎప్పుడో తెలిసిన ఒక నొప్పి మెల్లగా లేచింది. అది ఆకలి అని గుర్తుపట్టడానికి కొంచెం టైము పట్టింది. తలెత్తి, చిన్నపిల్లలా, "ఇంకొంచెం పెట్టప్పా" అన్నాను. అప్ప పెట్టలేదు. "సాలు. రేపు తిందువు" అంది.

ఇంటికి వచ్చాక ఫోటోలు సర్దుతుంటే తెలిసింది, నా పళ్ళెం తియ్యనే లేదు. కెమెరా మెళ్ళోనే ఉంది, చెయ్యి దాని మీదికి పోలేదు. తరువాత కోడలు "మీ పళ్ళెం కూడా తీశారా అక్కా?" అని అడిగితే, తీశాను, కార్డు పాడైంది అని అబద్ధం చెప్పాను. వృత్తి పరువు ఒకటి ఉంటుంది కదా.

ఆదివారం రాత్రికల్లా వెబ్‌సైటులో ఫోటోలు పెట్టారు. మీల్స్ అనే మాట అందులో ఎక్కడా లేదు. ఒక్కో పళ్ళెం కింద కోడలే రాసింది: బండి నడిపి వచ్చినవాళ్ళకి. ఎండలో పనిచేసినవాళ్ళకి. అమ్మ వంట గుర్తొచ్చినవాళ్ళకి. పళ్ళు లేనివాళ్ళకి. కాలేజీ పిల్లలకి ఏం రాయాలో తెలియక ఒక చోట, "మీకు ఏమిటో వచ్చాక చూసి చెబుతాను" అని పెట్టింది.

సోమవారం నేను కలకత్తా పని మీద వెళ్ళాను. సాయంత్రం ఆమె నుంచి మెసేజి వచ్చింది. "పదకొండు మంది వచ్చారు. నాలుగు పళ్ళేలు తప్పు." మంగళవారం, "పంతొమ్మిది మంది. ఏడు తప్పు. ఒకడు అన్నమంతా వదిలేశాడు." శుక్రవారం, "అన్నం వదిలేసినవాడు మళ్ళీ వచ్చాడు. చపాతీ పెట్టాను. తినేశాడు." ఆ తరువాత లెక్క మెల్లగా దిగుతూ వచ్చింది. కలకత్తాలో హోటలు గదిలో నేను పరీక్షా ఫలితాలు చూసినట్టు ఆ మెసేజి కోసం చూసేదాన్ని. నా డబ్బాలోంచి దూది, పంటిపుల్లలు తీసేశాను. గ్లిజరిన్ పబ్బు వాళ్ళ కోసం ఉంచాను, అబద్ధమెందుకు.

మూడో వారంలో హిజ్లీ వెళ్ళాను. మధ్యాహ్నం. సైకిళ్ళు గోడ పొడవునా ఆనించి ఉన్నాయి. లోపల పిల్లలు బాగానే ఉన్నారు. కోడలు వంటగట్టు దగ్గర నిలబడి ఉంది. ఇక్కడా గట్టుకి ముందు గోడ లేదు. మొదట ఒక గోడ కట్టించి, తరువాత తీయించేసిందట. ఒక కుర్రవాడు వచ్చి సంచి విసిరి కూర్చున్నాడు. ఆమె చూసింది. అప్ప కంటే చాలా ఎక్కువసేపు చూసింది, పెదవి కొరుక్కుంది, గరిటె ఒకసారి ముందుకీ వెనక్కీ పోయింది. తరువాత చెయ్యి కదిలింది. అచ్చం అప్ప చెయ్యిలా కాదు, కొంచెం బెదురుగా, కానీ కదిలింది.

నేను బెంచీ లాగి కూర్చున్నాను. ఈసారి ఎలా లాగుతున్నానో చూసుకున్నాను: చర్రుమంది. ఆమె తలెత్తి చూసింది. నవ్వలేదు, అక్కా అనలేదు. పనిలో ఉంది.

పళ్ళెం వచ్చింది. అన్నం కుప్ప. చేపల పులుసు, గోంగూర, చితక్కొట్టిన ఉల్లిపాయ, రెండు అప్పడాలు. గేంగులో రోజంతా రాళ్ళు ఎత్తిన మనిషికి పెట్టే పళ్ళెం. మూడు వారాల క్రితం వాళ్ళ అత్త నాకు పథ్యం పెట్టడం ఈ అమ్మాయి చూసింది. ఆ తరువాత నేను తింటున్నానని, పొద్దున్నే ఆకలితో లేస్తున్నానని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

"ఏం అక్కా, అలా చూస్తున్నారు? తప్పు పెట్టానా?" అంది.

తినడం మొదలుపెట్టాను. రెండోసారి అన్నం అడిగాను, పెట్టింది. అయ్యాక పళ్ళెం నేనే తీసుకెళ్ళి ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని కిటికీ వెలుతురు వైపు ఎత్తి చూసింది. అందులో కరివేపాకు కూడా మిగల్లేదు.